పాత ఇంజనుకు ఏ నూనె పోయాలి? ఒక లంక పొలం లెక్క

డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ మా వైపు టీకొట్ల దగ్గర ఒకే ప్రశ్న తిరుగుతుంది. "హోటళ్లలో వాడేసిన నూనె పోస్తే ఇంజను నడవదా?" 2021 అక్టోబరులో రాష్ట్రంలో డీజిల్ లీటరు వంద దాటినప్పుడు నేనూ అడిగాను. అడిగి ఊరుకోలేదు, పోశాను. నడిచింది. ఎన్నాళ్లు నడుస్తుందన్నది అప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

గోదావరి డెల్టా అంటే కాలవ నీళ్లేగా, ఇంజను ఎందుకు అని బయటివాళ్లు అడుగుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పల్లానికి నీరు దానంతటదే పారుతున్న మాట నిజమే. కానీ దాళ్వాలో (రెండో పంటలో) వంతులవారీగా నీళ్లిచ్చేటప్పుడు శివారు భూములకు ఆ నీరు అందదు. మురుగు కాలవలోంచో బోదెలోంచో (చిన్న పంటకాలవ) తోడుకోవాలి. సార్వాలో (తొలి పంటలో) వాన ముంచెత్తితే నారుమడిలో నీళ్లు బయటికి తోడాలి. ఇక గోదావరి మధ్యలోని లంకల సంగతి వేరే. కూరగాయలైనా అరటైనా ఏటి నీళ్లు ఎక్కించుకుంటేనే పండుతాయి. వ్యవసాయానికి ఉచిత కరెంటు 2004 నుంచీ ఉంది. అయితే వరదొస్తే మునిగిపోయే చోట స్తంభం నిలబడదు. అక్కడ ఇంజనే గతి.

మా లంక పొలంలో ఉన్నది నాన్న కొన్న, గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో తయారైన ఇంజను. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తీసుకొచ్చిన 5 హార్స్‌పవర్ ఇంజనుకు నకలు. పెద్ద ఫ్లైవీలు, హ్యాండిలు తిప్పి స్టార్టు చేయడం, డుక్కు డుక్కుమనే చప్పుడు, అన్నీ అవే. దానికి సగం డీజిలు, సగం హోటల్ నూనె కలిపి పోశాను. నూనెను పాత పంచెతో వడగట్టాను, చాలనుకున్నాను. మొదటి నెల ఏ ఇబ్బందీ లేదు. రెండో నెలలో పొగ నల్లబడింది. ఆ తరవాత పొద్దున్నే హ్యాండిలు ఎంత తిప్పినా అందుకునేది కాదు. లోపల గాలి నొక్కుకునే కంప్రెషన్ బరువే చేతికి తెలియడం లేదు.

మెకానిక్ చమురును ఇంజనులోకి చిమ్మే నాజిల్ ఊడదీసి టెస్టింగ్ పంపుకు బిగించాడు. ముందు తన దగ్గరున్న మంచి నాజిల్ పెట్టి లివరు నొక్కి చూపించాడు. కిర్రుమని చిన్న చప్పుడు, ముక్కు దగ్గర మంచు పొగలాంటి తుంపర. కంటికి చుక్క ఆననంత సన్నం. తరవాత నాది పెట్టాడు. పక్కకు వంకరగా ఒక ధార వచ్చింది. లివరు వదిలేశాక కూడా కొసన బొట్టు వేలాడుతూనే ఉంది. ముక్కు చుట్టూ గట్టి మసి, పువ్వు విచ్చుకున్నట్టు పేరుకుపోయి ఉంది. పిస్టను లాగితే, గాలి జారిపోకుండా దాని చుట్టూ ఉండే రింగుల్లో రెండు గాడిలోనే అతుక్కుపోయాయి, వేలితో నెడితే కదలవు. "ఆయ్, ఇంజను తప్పేం లేదండి. అది ఏదిచ్చినా తింటాదండి. మీరు నూనెనుకుని జిగురు పోశారండి" అన్నాడు. ఆ రెండు నెలల్లో డీజిలు మీద మిగుల్చుకున్నదంతా ఆ రిపేరుకే పోయింది, ఇంకా కొంత చేతి నుంచి పడింది.

ఆ జిగురు ఎక్కడిది? అది తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే అది అయిదారు వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి చమురును తుంపరగా కొడితే దానంతటదే అంటుకుంటుంది. తుంపర ఎంత సన్నగా ఉంటే అంత పూర్తిగా మండుతుంది. తుంపర సన్నదనాన్ని తేల్చేది చమురు చిక్కదనం. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకులు. మన వంటనూనెలది 30 నుంచి 40. అంటే దాదాపు పదింతలు. డీజిల్ కోసం చేసిన నాజిల్ రంధ్రంలోంచి ఆ చిక్కటి నూనె తుంపరగా కాక బొట్లుగా పడుతుంది. బొట్టు పైపైన మండి లోపల సగం కాలి మిగిలిపోతుంది. ఆ మిగిలిందే నాజిల్ ముక్కు మీద మసి అవుతుంది, రింగు గాడిలో లక్క అవుతుంది. కొంత రింగులు దాటి కిందికి దిగి ఇంజనాయిల్లో కలుస్తుంది. అక్కడ వేడికి, గాలికి చిక్కబడి చివరికి జున్నులా పేరుకుంటుంది. ఇంజనుకు ప్రాణం మీదికి తెచ్చేది నిజానికి ఇదే, ఎందుకంటే ఇది బయటికి కనపడదు.

"డీజిల్ కనిపెట్టినాయన వేరుశనగ నూనెతోనే నడిపాడు కదా" అని వాట్సాప్‌లో తరచూ వస్తుంటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిన మాట నిజం. ఆ సంగతి రుడాల్ఫ్ డీజిలే తరవాత చెప్పాడు. కానీ ఆ రోజుల ఇంజన్లలో చమురును కంప్రెసరు గాలితో ఊది లోపలికి కొట్టేవారు. ఆ విసురుకు చిక్కటి నూనె కూడా చెదిరేది. తరవాత వచ్చిన ఇంజన్లలో పంపు, నాజిల్ పలచటి చమురును నమ్ముకుని తయారయ్యాయి.

అయినా పాత లిస్టర్ రకం ఇంజను మిగతావాటికంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. అది నిమిషానికి 600 చుట్లే తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు సెకనులో పదో వంతు. 1500 చుట్లు తిరిగే కొత్త రకం పంపుసెట్టు ఇంజనులో అదే చుట్టు 0.04 సెకన్లలో అయిపోతుంది. నూనె కాలడానికి పాతదాంట్లో రెండున్నర రెట్లు వ్యవధి ఉంది. పైగా నాజిల్ నేరుగా పిస్టను మీదికి కాకుండా పక్కనున్న చిన్న వేడి గదిలోకి కొడుతుంది, అక్కడ బొట్టు కొంత విచ్చుకుంటుంది. అందుకే ఒకరి ఇంజను రెండేళ్లు నడిచింది, ఇంకొకరిది ఒక్క పంటకే మూలపడింది అంటే ఇద్దరిదీ నిజమే అయ్యుండొచ్చు. ముందు ఎవరి ఇంజను ఏ రకమో అడగాలి.

నూనెల్లోనూ తేడా ఉంది. తలుపులకు పూసిన అవిసె నూనె నాలుగు రోజులకు ఆరి పొర కట్టడం చూసే ఉంటారు. ఆ ఆరే గుణాన్ని అయోడిన్ విలువ అనే అంకెతో కొలుస్తారు. కొబ్బరి నూనెకు అది 10 దగ్గర, పామాయిలుకు 50, వేరుశనగకు 90, తవుడు నూనెకు 100, పొద్దుతిరుగుడుకు 130, అవిసెకు 180 ప్రాంతంలో ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ రింగుల దగ్గర లక్క కట్టడం ఎక్కువ. ఆ లెక్కన కోనసీమ కొబ్బరి నూనె అన్నిటికంటే మేలు. 1990లలో దిగ్బంధంలో చిక్కుకున్న పసిఫిక్ దీవి బూగన్‌విల్‌లో జనం కొబ్బరి నూనెతోనే బండ్లు నడుపుకున్నారు. కానీ అది 25 డిగ్రీలకే గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున ట్యాంకులో ముద్దయి కూర్చుంటుంది. పామాయిలు కూడా అంతే, చల్లబడితే అడుగున తెల్లటి గసి దిగి ఫిల్టరు మూసేస్తుంది. ఆముదం మాత్రం అసలు వద్దు. దాని చిక్కదనం వంటనూనెలకు ఆరేడు రెట్లు.

హోటల్ నూనెలో మరో రెండు చిక్కులు. మాటిమాటికీ కాగిన నూనెలో ఆమ్లాలు పుడతాయి, అవి పంపులోని ఇత్తడి, రాగి భాగాలను తింటాయి. బజ్జీలు, పునుగుల తడి కూడా నూనెలో ఉండిపోతుంది. నీరు ఇంజెక్షన్ పంపు ఎలిమెంటుకు, అంటే చమురును నాజిల్‌కు నెట్టే భాగానికి, విషమే. ఇప్పుడు ఆ నూనె ఊరికే దొరకడమూ లేదు. కాగి కాగి నూనె పాడైనకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. అలాంటి నూనెను బయోడీజిల్‌కు (నూనెను పలచబరిచి చేసే డీజిల్ లాంటి ఇంధనం) సేకరిస్తున్నారు. అడిగేవాడొచ్చాక దేనికైనా రేటు కట్టేస్తారు కదా.

రేటు సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. డీజిల్ పెరిగితే నూనెకు మారదాం అనుకుంటాం. డీజిల్ పెరిగినప్పుడు నూనె ఊరుకోదు. ప్రపంచంలో పామాయిలు ఎక్కువగా పండించే ఇండొనేషియా తమ దేశపు డీజిల్లో 2020 నుంచి 30 శాతం, తరవాత ఇంకా ఎక్కువ, పామాయిలు బయోడీజిల్ కలుపుతోంది. ముడిచమురు ధర పైకెళ్తే పామాయిలు వంటింటి బదులు ట్యాంకుల్లోకి మళ్లుతుంది, దాని ధరా ఎక్కుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రెండూ కలిసే పెరిగాయి. ఏప్రిల్ ఆఖరులో ఇండొనేషియా ఎగుమతులే ఆపేసింది. పెదవేగి చుట్టుపక్కల పామాయిలు తోటల రైతులకు ఆ ఏడాది గెలల రేటు గుర్తుండే ఉంటుంది. వాళ్లకది మంచి ఏడాది. ఇంజను ఉన్నవాళ్లకు మాత్రం అటూ దారి లేదు, ఇటూ దారి లేదు. తినే నూనెను కొని ఇంజనులో పోయడం ఏ లెక్కలోనూ నిలవదు. తినని నూనెల మీదా గతంలో చాలా ఆశలు పెట్టుకున్నారు. అడవి ఆముదంతో (జట్రోఫా) 2011-12 కల్లా డీజిల్లో 20 శాతం కలుపుదామని 2003లో ప్రణాళికా సంఘం నివేదిక ఇచ్చింది. నీరు పెట్టని బీడుల్లో ఆ చెట్టు అనుకున్నంత కాయలేదు. కానుగ నూనె కొంత నయం, అయితే సబ్బులకూ పురుగుమందులకూ దానికి గిరాకీ ఉంది.

కిరోసిన్ గురించి రెండు మాటలు. అది డీజిల్‌కంటే పలచన, జారుడు గుణం తక్కువ. డీజిల్ ఇంజనులో పంపుకూ నాజిల్‌కూ నూనె పూసేది చమురే, వేరే ఏర్పాటు లేదు. ఒట్టి కిరోసిన్ పోస్తే ఎలిమెంటు అరిగిపోతుంది. నీలి రంగు రేషన్ కిరోసిన్‌ను ఇంజన్లకు వాడటం నేరం కూడా. బండ్లలోంచి తీసేసిన నల్ల ఇంజనాయిలు, పాత టైర్లు కాల్చి తీసే టైరాయిలు అసలు దగ్గరికి రానివ్వకండి. మొదటిదాంట్లో లోహపు పొడి ఉంటుంది. రెండోదాంట్లో గంధకం ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో అమ్ముతున్న డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే. ఆ తేడా లైనరు (పిస్టను కదిలే గొట్టం) మీద, హ్యాండిలు తిప్పే మనిషి ఊపిరితిత్తుల మీద పడుతుంది.

మరి బయోడీజిల్? నూనెకు మిథనాలు, కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే గ్లిజరిన్ అడుగుకు దిగిపోయి పైన పలచటి బయోడీజిల్ తేలుతుంది. దాని చిక్కదనం డీజిల్‌కు దగ్గరే, జిగురు సమస్య చాలావరకు పోతుంది. చూడటానికి సులువుగా ఉండటంతో వీడియోలు చూసి పెరట్లో మొదలుపెట్టేవాళ్లున్నారు. దయచేసి వద్దు. మిథనాలు 65 డిగ్రీలకే మరుగుతుంది, మనం వేడి చేసేది దాని అంచునే. దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఆవిరి పీల్చినా, ఒంటికి తగిలినా విషం, చూపు పోతుంది. కడిగిన సబ్బు నీళ్లు బోదెలోకి వదిలితే కింద చేపల చెరువువాడి నోట మట్టి కొట్టినట్టే. కొనాలంటే లైసెన్సు ఉన్నచోట, ఐఎస్ 15607 ప్రమాణానికి తగ్గదని కాగితం ఇచ్చేవాళ్ల దగ్గరే కొనాలి. ఆటోలో డ్రమ్ము తెచ్చి బయోడీజిల్ అని అమ్మేది ఏదైనా కావచ్చు.

ఇక గ్యాసు. గోబర్ గ్యాసుతో డీజిల్ ఇంజను నడుస్తుంది. గాలి పీల్చే గొట్టంలో గ్యాసు కలిపి, అంటించడానికి కొద్దిగా డీజిల్ కొడితే చాలు. డీజిల్ వాడకం అయిదో వంతుకు తగ్గించవచ్చు. ఎంత పేడ కావాలో చూద్దాం. ఒక హార్స్‌పవరు గంటసేపు నడవాలంటే అర ఘనపు మీటరుకు కాస్త తక్కువ గ్యాసు పడుతుంది. 5 హార్స్‌పవర్‌కు గంటకు రెండు ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరుకు 25 కిలోల పేడ చొప్పున 50 కిలోలు. గేదె రోజుకు 15 కిలోలు వేస్తుందనుకుంటే మూడు నాలుగు గేదెల రోజు మొత్తం పేడ ఇంజను గంటసేపు తిరగడానికి సరిపోతుంది. ఇరవై గేదెల పాడి ఉన్నవాళ్లకూ, అనపర్తి, తణుకు ప్రాంతాల కోళ్లఫారాలకూ ఇది పనికొచ్చే సంగతి. రెండు గేదెలున్న ఇంట్లో ఆ గ్యాసు పొయ్యికే ఎక్కువ విలువ.

ఊక గ్యాసుదీ అలాంటి కథే. ధాన్యం తూకంలో అయిదో వంతు ఊకే. గాలి సరిపడా అందకుండా కాలిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను తిరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కరువొచ్చినప్పుడు మన దేశంలో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. ఊకలో అయిదో వంతు బూడిదే మిగులుతుంది, గ్యాసుతోపాటు తారు వస్తుంది, కడగాలి, ఆరబెట్టాలి, మనిషి కాచుకుని ఉండాలి. పైగా ఆ గ్యాసులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మూసిన షెడ్డులో ప్రాణం తీస్తుంది. రైసు మిల్లు ఆవరణలో చేయదగ్గ పని అది. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లు ముందే ఆ ఊకను మింగేస్తున్నాయి.

రిపేరు అయ్యాక నేను కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఎకరానికి ఒక అంగుళం నీరు పెట్టాలంటే లక్షా మూడు వేల లీటర్లు కావాలి. మంచి స్థితిలో ఉన్న మా పంపు గంటకు 54,000 లీటర్లు పోస్తుంది, అంటే రెండు గంటల కంటే కాస్త తక్కువ. గంటకు లీటరు డీజిల్ అనుకుందాం. సక్షన్ పైపు కొసన నీళ్లలో ఉండే ఫుట్‌వాల్వు జాలీలో ఆకూ నాచూ పట్టి, సక్షన్ పైపు జాయింటు దగ్గర గాలి లాగుతుంటే అదే పంపు 40,000కు పడిపోతుంది. అప్పుడు రెండున్నర గంటలు పైనే. డీజిల్ మూడో వంతు పైగా ఎక్కువ కాలినట్టు. ఇటు వంద రూపాయల డీజిల్లో అయిదో వంతు అరవై రూపాయల నూనె కలిపితే లీటరుకు మిగిలేది 8 రూపాయలు, ఎకరానికి పదహారో ఇరవయ్యో. ఫుట్‌వాల్వు కడిగితే ఎకరానికి అరలీటరు పైగా డీజిల్ మిగులుతుంది, యాభై రూపాయలకు తక్కువ కాదు. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను నూనె డబ్బాలు పడవలో మోసిన ఆ రెండు నెలలూ ఫుట్‌వాల్వు వైపు ఒక్కసారీ చూడలేదు.

ఇంకొకటి, నాకు ఆలస్యంగా తెలిసింది. పంపు నీళ్లలోంచే ఒక పాయ ఇంజను చుట్టూ తిప్పి చల్లబరచడం మనకు అలవాటు. ఏటి నీళ్లు చల్లగా ఉంటాయి, ఇంజను ఎప్పటికీ వేడెక్కదు. చల్లటి ఇంజను ఎక్కువ డీజిల్ తాగుతుంది, మసి ఎక్కువ పడుతుంది. నూనె కలిపితే ఆ బాధ రెట్టింపు. ఇంజను నుంచి బయటికొచ్చే నీళ్లలో చెయ్యి పెడితే కాసేపు కూడా పట్టలేనంత వేడి ఉండాలి. లేకపోతే ఆ పాయకున్న కుళాయి కొద్దిగా తిప్పి నీళ్లు తగ్గించుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇన్ని చెప్పాక కూడా నూనె కలపాలనుకునేవాళ్లుంటారు. చవగ్గా, నమ్మకంగా దొరికితే కలపడం తప్పని నేననను, ఇప్పటికీ అప్పుడప్పుడు కలుపుతున్నాను. కాకపోతే పాత నిదానపు ఇంజనుకే, అయిదో వంతు మించకుండా. నూనెను డ్రమ్ములో రెండు మూడు వారాలు కదపకుండా ఉంచి పై తేట తీసుకోవాలి. చిన్న బాణలి వేడి చేసి నాలుగు చుక్కలు వేస్తే చిటపటమందంటే తడి ఉన్నట్టు. మళ్లీ కాచి చల్లార్చాలి. గుడ్డతో వడగట్టడం చాలదు, 5 మైక్రాన్ల ఫిల్టరు కావాలి. స్టార్టు చేసేది ఒట్టి డీజిల్ మీదే, బాగా వేడెక్కాకే కలిపిన నూనెకు మార్చాలి. అందుకు రెండు ట్యాంకులు, మధ్య ఒక కుళాయి. లోడు లేకుండా ఊరికే తిప్పకూడదు. ఇంజనాయిలు మామూలుగా మార్చే గంటల్లో సగానికే మార్చేయాలి. డిప్‌స్టిక్ మీది చుక్కను వేళ్ల మధ్య రుద్దితే తీగ సాగిందంటే గంటలు లెక్కపెట్టనక్కర్లేదు, వెంటనే మార్చడమే.

సోలారు పంపు మంచిదే. 5 హార్స్‌పవర్‌కు 4,800 వాట్ల పలకలు కావాలి, 330 వాట్లవైతే పద్నాలుగు పదిహేను పలకలు. గట్టు మీద పొలమున్నవాళ్లు ఆలోచించాల్సిందే. లంకలో ఏటా వరదకు ముందు వాటినన్నిటినీ విప్పి ఒడ్డుకు చేర్చాలి, ఇంజనయితే పదిమంది పట్టి పడవలో పెడితే సరిపోతుంది.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు నీరు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మేం ఆ మాట దాకా ఆగం. ఎగువన భద్రాచలంలో నీరు పెరుగుతోందని వినగానే ఇంజను లేపే పని మొదలవుతుంది. పాదాల బోల్టులు విప్పకముందు ఒట్టి డీజిల్ మీద ఇంజనును పది నిమిషాలు నడుపుతాం. పైపుల్లో, పంపులో, నాజిల్లో నూనె చుక్క మిగలకూడదు. మిగిలితే కార్తీకంలో తిరిగొచ్చేసరికి అది అక్కడే గడ్డకట్టి ఉంటుంది. తరవాత రెండో ట్యాంకు ఖాళీ చేసి, ఫుట్‌వాల్వు కడిగి గోనెలో చుట్టి, ఇంజను పక్కనే పడవలో పెడతాం.